టాయ్ హాలర్ పాడైతే తప్పు ఫ్యాక్టరీదా, మనం ఎక్కించిన బరువుదా?

కాటాచీటీ
కొత్తగా చూసేవాళ్ల కోసం ఒక్క ముక్క: టాయ్ హాలర్ అంటే వెనక సగం గ్యారేజీగా ఉండే ఆర్వీ ట్రెయిలర్, ట్రక్కు లాగే చక్రాల ఇల్లు. వెనక గోడే ర్యాంపులా కిందికి దిగుతుంది, సైడ్-బై-సైడో (పక్కపక్కన సీట్లుండే నాలుగు చక్రాల మట్టిదారి బండి) డర్ట్ బైకులో లోపలికి ఎక్కిస్తాం. యాక్సిల్ వంగినా, టైరు పేలినా, రోడ్డు మీద తోక ఊగినా ఈ ఫోరంలో అందరూ ఆర్వీలు ఎక్కువగా తయారయ్యే ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ ఫ్యాక్టరీలనే తిడుతున్నారు. వాటిలో ఎక్కువ భాగం బరువు తెచ్చిన తంటాలే అంటాను నేను. మొత్తం బరువు ఎంతన్నది ఒక్కటే చూస్తే చాలదు, అది ఎక్కడ కూర్చుందన్నది చూడాలి.

రెండు యాక్సిళ్ల బంపర్-పుల్ (ట్రక్కు వెనక హిచ్ బాల్‌కు తగిలించే రకం) తీసుకుందాం. ఖాళీగా 8,000 పౌండ్లు, అందులో టంగ్ (ట్రక్కుకు తగిలే ముందు కొస) మీద 1,200, యాక్సిళ్ల మీద 6,800. జీవీడబ్ల్యూఆర్, అంటే నిండుగా ఎక్కించాక ఉండదగ్గ గరిష్ఠ బరువు, 11,500. ఒక్కో యాక్సిల్ మోయగలిగేది 5,200, రెండూ కలిపి 10,400. హిచ్ బాల్ నుంచి యాక్సిళ్ల మధ్యకు 20 అడుగులు. ఇప్పుడు 1,800 పౌండ్ల సైడ్-బై-సైడ్ యాక్సిళ్లకు 8 అడుగులు వెనక ఆగింది. 1,800 × 8 ÷ 20 = 720. టంగ్ మీద 720 తగ్గుతుంది, యాక్సిళ్ల మీద పెరిగేది 1,800 కాదు, 2,520. ఊయల బల్లకు ఒక కొసన కూర్చుంటే రెండో కొస లేచినట్టే.

100 గ్యాలన్ల నీళ్లు, 834 పౌండ్లు, సరిగ్గా యాక్సిళ్ల మీద ఉన్నాయనుకోండి. సామాను 500, అందులో 400 యాక్సిళ్ల మీదికి, 100 టంగ్ మీదికి. మొత్తం 11,134. జీవీడబ్ల్యూఆర్ లోపలే ఉంది, ఎంత సామాను ఎక్కించొచ్చో చెప్పే పసుపు స్టిక్కరు ప్రకారం మీరు బుద్ధిమంతులే. కానీ యాక్సిళ్ల మీద 10,554, అంటే 154 ఎక్కువ. టంగ్ మీద 580, మొత్తంలో 5.2 శాతం. ఉండాల్సింది 10 నుంచి 15. ఆ ట్రెయిలర్ 65 మైళ్ల వేగంలో ఊగకపోతేనే ఆశ్చర్యం.

రివెట్‌గన్
లెక్క బాగుంది. కానీ కాటాచీటీ గారూ, మీరు మీ లెక్కకు లొంగే రోగాలనే ఏరుకున్నారు. ర్యాంపు తలుపు కింద నీళ్లు దిగి ప్లైవుడ్ కుళ్లడానికి ఏ బరువు కారణం? స్లయిడ్-అవుట్ (బయటికి జరిగే గది) మూలన సీలెంట్ వేయకుండా వదిలేయడానికి? పైపు క్రింప్ (బిగింపు రింగు) సగమే నొక్కి వదలడానికి? పై పటారం లోన లొటారం.

2021లో అమెరికాలో ఆర్వీల రవాణా 6,00,000 దాటింది, రికార్డు అదే. 2023కి దాదాపు 3,13,000కు పడిపోయింది. అంత గిరాకీ రోజుల్లో లైన్ ఆపి ఒక స్క్రూ సరిచేసే ఓపిక ఎవరికుంటుంది? అక్కడ చాలా లైన్లలో జీతం పీస్ రేటు, చేసిన బండ్ల లెక్కన. ఆ రోజుకు చెప్పిన సంఖ్య పూర్తయితే ఇంటికి పోవచ్చు. నిదానించే మనిషిని ఆ పద్ధతి నిలబెట్టదు.

ఇంకొకటి. తలుపు పక్కన అంటించే ఆర్‌వీఐఏ (ఆర్వీ పరిశ్రమ సంఘం) ముద్ర చూసి నాణ్యత తనిఖీ అయిందనుకుంటారు. అది కరెంటు, గ్యాసు, నీటి పైపులు, అగ్ని భద్రత నియమాలకు సంబంధించింది. గోడ నిటారుగా ఉందా, సీలెంట్ పూర్తిగా పడిందా అని అది చెప్పదు.

గ్లామిస్‌ఇసుక
ర్యాంపు సంగతి విడిగా చెప్పుకోవాలి, టాయ్ హాలర్‌కు మాత్రమే ఉండే రోగం అది. ర్యాంపును వరండాలా అడ్డంగా నిలిపి వాడినప్పుడు వాన నీళ్లు కింది కీలు దగ్గర నిలుస్తాయి. కీలు స్క్రూల రంధ్రాల గుండా గ్యారేజీ నేల అంచులోకి దిగుతాయి. పైన రబ్బరు మ్యాట్ ఉంటుంది కాబట్టి రెండేళ్లదాకా తెలియదు. మ్యాట్ ఎత్తి అంచు నుంచి ఒక అడుగు లోపలిదాకా దబ్బనంతో పొడిచి చూడండి, మెత్తగా దిగితే పోయినట్టే. మాయిశ్చర్ మీటర్ 20 శాతం దాటినా తడి ఉన్నట్టే.

గొట్టంతో పరీక్షించేటప్పుడు కింది నుంచి పైకి వెళ్లాలి. ముందు కీలు మీద పది నిమిషాలు, తర్వాత పక్క సీళ్లు, చివర పై అంచు. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అంతటా జారతాయి, ఎక్కడ దిగాయో ఎవరికీ తెలియదు. ర్యాంపు మోసే బరువు కూడా చూసుకోండి. యంత్రం ఎక్కేటప్పుడు ర్యాంపు మీద పడే బరువు పలకంతా పరుచుకోదు, చక్రాల కిందే పడుతుంది. మధ్యలో బ్రేకు కొడితే తలుపు లోపలి చెక్క పలక పగులుతుంది. అది మాత్రం ఫ్యాక్టరీ ఖాతాలో రాయకండి.

ప్లానో_డ్యూయలీ
ట్రక్కు గురించి ఎవరూ మాట్లాడలేదేం? 20,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్‌కు (ట్రక్కు తొట్టిలోని హిచ్‌కు తగిలే ట్రెయిలర్) పిన్ బరువు, అంటే ట్రక్కు మీద పడేది, 20 శాతం వేసుకున్నా 4,000. ముప్పావు టన్ను తరగతి ట్రక్కు డోరు మీద పేలోడ్ (మోయగలిగే బరువు) స్టిక్కర్ 2,000, 3,000 మధ్యే చూపిస్తుంది చాలాసార్లు. లాగగలదు, మోయలేదు. డీలరు లాగే సంఖ్య ఒక్కటే చెబుతాడు.

మన డాలస్ జనాలకు ఇంకో మాట. ట్రక్కు, ట్రెయిలర్ రేటింగులు కలిపి 26,001 పౌండ్లు చేరితే, ట్రెయిలర్ ఒక్కటే 10,000 దాటితే, టెక్సస్‌లో నాన్-కమర్షియల్ క్లాస్ ఏ లైసెన్సు కావాలి. 14,000 డ్యూయలీ (వెనక నాలుగు చక్రాల ట్రక్కు), 20,000 ట్రెయిలర్ కలిస్తే 34,000. మామూలు క్లాస్ సీ పెట్టుకుని తిరిగేవాళ్లు తక్కువేం లేరు.

గ్రీజుచేతులు
తిలాపాపం తలా పిడికెడు. షాకిళ్లు (స్ప్రింగును ఫ్రేముకు తగిలించే కదిలే పలకలు) చూస్తే మీ ఇద్దరి మాటా, కాటాచీటీదీ రివెట్‌గన్‌దీ, నిజమే అనిపిస్తుంది.

ఎక్కువ ట్రెయిలర్లలో లీఫ్ స్ప్రింగు కళ్లలో వచ్చేవి ప్లాస్టిక్ బుష్‌లు. కొన్ని వేల మైళ్లకే అరిగిపోతాయి. తర్వాత బోల్టు నేరుగా ఇనుము మీద రాసుకుంటుంది, షాకిల్ పలక రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది. అక్కడ డబ్బు మిగుల్చుకున్నది తయారీదారు. అవే రెండు యాక్సిళ్ల మీద రేటింగు కన్నా 154 పౌండ్లు ఎక్కువ మోయించింది యజమాని. రెండు చేతులూ కలిస్తేనే ఈ చప్పుడు.

మార్చాల్సింది కంచు బుష్‌లు, గ్రీజు పట్టే వెట్ బోల్టులు, అర అంగుళం మందం షాకిల్ పలకలు. బోల్టు బిగించేటప్పుడు గ్రీజు రంధ్రం గడియారంలో 3 దగ్గరో 9 దగ్గరో ఉండాలి. పైకో కిందికో ఉంటే బరువు మోసే వైపు మూసుకుని గ్రీజు బయటికి రాదు. గ్రీజు కొట్టే ముందు జాకీతో ఫ్రేము ఎత్తి చక్రాలు తేలనివ్వండి. నట్టు 30 నుంచి 50 ఫుట్-పౌండ్లు చాలు. షాకిల్ కదలాలి కాబట్టి బలం కొద్దీ బిగించకూడదు.

చక్రం నట్లు వేరే సంగతి. అర అంగుళం స్టడ్లకు 90 నుంచి 120 ఫుట్-పౌండ్లు, మూడు విడతల్లో, నక్షత్రం వరసలో. చక్రం విప్పి బిగించాక 10, 25, 50 మైళ్ల దగ్గర మళ్లీ టార్క్ రెంచి పెట్టాలి. ఇది మాత్రం ఎవరూ చేయరు.

టైర్లకు వస్తే, 16 అంగుళాల ‘ఈ’ లోడ్ రేంజ్ టైరు తీసేసి మరింత బరువు మోసే ‘జీ’ రేంజ్ వేస్తే అంతా సరిపోయిందనుకోవద్దు. 235/80 సైజులో జీ రేంజ్ టైరుకు 110 పీఎస్ఐ గాలి కావాలి. రిమ్ముకు అంత గాలి రేటింగు ఉందో లేదో వెనకవైపు అచ్చు చూడండి, వాల్వు కూడా ఆ గాలికి తగ్గదై ఉండాలి. పైగా టైరు పెద్దదైనంత మాత్రాన యాక్సిల్ 5,200 నుంచి అంగుళం కదలదు.

రివెట్‌గన్
సరే, షాకిళ్లలో సగం ఒప్పుకున్నాను. ఇప్పుడు మూడు యాక్సిళ్ల ఫిఫ్త్ వీల్‌కు రండి, మీ బరువు వాదం అక్కడ నిలబడదు. మూడు 7,000లు, 21,000. జీవీడబ్ల్యూఆర్ 20,000 నిండా ఎక్కించినా పిన్ మీద 4,000 పోగా యాక్సిళ్ల మీద 16,000 మిగులుతుంది. 5,000 వెసులుబాటు. అయినా ముందు పై డెక్ (ట్రక్కు తొట్టి మీదికి వచ్చే భాగం) దగ్గర ఫ్రేము ఊగి, సైడ్ గోడకూ ముందు క్యాప్‌కూ (ముందు ముఖం) మధ్య బీట పడుతోంది. ఎందుకు? పిన్ బాక్సు (ట్రక్కుకు తగిలే పిన్ ఉండే ఇనుప పెట్టె) నుంచి వచ్చే కుదుపు పై డెక్‌లోని సన్నటి ట్యూబులకు, వాటి వెల్డులకు చేరుతుంది. అక్కడ వెల్డు సరిగా పట్టకపోతే మీ కాటా చీటీ ఏం చేస్తుంది?

కొనేముందు చూడటానికి ఇద్దరు మనుషులు చాలు. ట్రెయిలర్ ట్రక్కుకు తగిలించి ఉండగా ఒకరు ముందు కాళ్లను నేలకు దించి, బరువు వాటి మీదికి వచ్చేదాకా మెల్లగా ఎత్తాలి, మళ్లీ దించాలి. రెండోవాళ్లు పక్కన నిలబడి పిన్ బాక్సు, ముందు క్యాప్ రెండిటినీ చూడాలి. రెండూ కలిసి కదలాలి. పిన్ బాక్సు ముందు వంగి క్యాప్ ఆలస్యంగా కదిలితే, క్యాప్ మూల జెల్‌కోట్‌లో వెంట్రుకంత పగుళ్లున్నా, ట్రిమ్ స్క్రూలు పక్కకు వాలినా, పై డెక్ కింది పలక విప్పించి వెల్డులు చూపించమనండి. ఒప్పుకోకపోతే వెనక్కి తిరగండి.

కాటాచీటీ
ఫిఫ్త్ వీల్ పై డెక్ విషయంలో మీ మాటే నిజం, ఒప్పుకుంటున్నా. కాకపోతే పొడుగు పెంచే గూస్‌నెక్ అడాప్టర్ బిగించి, పిన్ బాక్సు మీద మీటబద్ద బలం పెంచింది కొన్నవాళ్లే అయిన సందర్భాలూ లేకపోలేదు. దాన్ని చూపించి ఫ్రేము వారంటీ కొట్టేస్తారు.

నేను మొదట ఇచ్చిన లెక్కకు మందు కూడా రాస్తాను. మంచినీళ్ల ట్యాంకు యాక్సిళ్లకు 5 అడుగుల ముందున్న మోడల్ ఎంచుకుంటే, 834 పౌండ్లలో దాదాపు 208 టంగ్ మీదికి వెళ్తుంది. యాక్సిళ్లు 10,346కు దిగాయి, పరిమితి లోపలికి వచ్చాయి. కానీ టంగ్ 788, ఇంకా 7 శాతమే. యంత్రాన్ని 2 అడుగులు ముందుకు జరిపి కట్టండి, మరో 180 వస్తుంది. సామాను ముందు అరల్లోకి మారిస్తే, 12 అడుగుల దూరం అనుకుంటే, 100 బదులు 300 పడుతుంది. మొత్తం 1,168, అంటే 10.5 శాతం. ఒక్క కొత్త పార్టు కొనకుండా. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఉందిగా అంటారేమో, అది ఉన్న టంగ్ బరువును ట్రక్కు ముందు చక్రాల దాకా పంచుతుంది తప్ప లేని బరువును పుట్టించదు.

ఇంతా చేసి కాటా ఎక్కకపోతే ఇవన్నీ కాకి లెక్కలే. హైవే పక్క ట్రక్ స్టాపుల్లో ఉండే మూడు పలకల కాటా ఎక్కండి: మొదటి పలక మీద ట్రక్కు ముందు చక్రాలు, రెండోదాని మీద వెనక చక్రాలు, మూడోదాని మీద ట్రెయిలర్ యాక్సిళ్లు. తర్వాత ట్రెయిలర్ దించి ఒట్టి ట్రక్కు తూచండి. తగిలించినప్పటి మొదటి రెండు సంఖ్యల మొత్తం నుంచి ఒట్టి ట్రక్కు బరువు తీసేస్తే టంగ్ లేదా పిన్ బరువు. తూచే రోజు ట్యాంకులు, గ్యారేజీ నిండి ఉండాలి, ఇంట్లోవాళ్లు ట్రక్కులో కూర్చోవాలి. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లు ఉంటే వాటిని ఊడదీసే తూచండి.

గ్లామిస్‌ఇసుక
ఫ్యూయల్ స్టేషన్ (ట్రెయిలర్‌లోనే ఉండే పెట్రోలు ట్యాంకు, పంపు) లెక్క మర్చిపోయారు. 30 గ్యాలన్ల పెట్రోలు 180 పౌండ్ల పైమాటే, చాలా మోడళ్లలో అదీ వెనకే. యంత్రాన్ని కట్టే డి-రింగులు నేల ప్లైవుడ్‌కు కాకుండా ఫ్రేము అడ్డ దూలానికి బోల్టు అయ్యాయో లేదో కింద దూరి చూడండి. నాలుగు మూలలా కట్టాలి, ర్యాచెట్ బెల్టు మీద రాసిన వర్కింగ్ లోడ్ చూడాలి. తెగే బరువు దానికి మూడింతలు, ఆ పెద్ద సంఖ్యను నమ్ముకోకూడదు.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది. అందుకే గ్యారేజీ వెంట్లు కింద ఉంటాయి. చలికి వాటిని గుడ్డ కుక్కి మూసే మహానుభావులున్నారు. యంత్రం లోపలుండగా అక్కడ పడుకోకండి.

కొత్తచేయి
అన్నా, 2021-22 మోడల్ వాడినది తక్కువకు దొరుకుతోంది. గిరాకీ రోజుల్లో చేసింది కదా, వదిలేయమంటారా?

రివెట్‌గన్
వదిలేయమంటాను.

గ్రీజుచేతులు
నేను అనను. కొన్నేళ్లు తిరిగిన బండిలో ఫ్యాక్టరీ లోపాలు చాలామటుకు బయటపడి ఉంటాయి, రిపేరు కాగితాలు అడిగితే ఏది ఎన్నిసార్లు చేశారో తెలుస్తుంది. మామూలు వారంటీ ఏడాదే కాబట్టి అది ఎలాగూ అయిపోయి ఉంటుంది, కొత్త బండికి ఇచ్చే భరోసాకు మీరు డబ్బు కట్టనక్కర్లేదు. కొత్తదైనా చాలా వారంటీ పత్రాల్లో కేసు ఇండియానా కోర్టులోనే వేయాలని రాసి ఉంటుంది, టెక్సస్‌లో కూర్చుని దాన్ని వాడుకోవడం అంత తేలిక కాదు.

వెళ్లిన రోజు ఈ వరసలో చూడు తమ్ముడూ. 17 అక్షరాల విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య) అమెరికా రోడ్డు భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్లో కొట్టి రీకాళ్లు. టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగంకెలు, 2321 అంటే 2021లో 23వ వారం, ఆ టైర్లు మార్చే ఖర్చు బేరంలో తీసేయాలి. కింద పడుకుని షాకిళ్లు. గ్యారేజీ మ్యాట్ ఎత్తి నేల. పైకప్పు ఎక్కి వెంట్ల చుట్టూ సీలెంట్, బీటలుంటే లోపల సీలింగు మీద మీటర్. అన్నీ అయ్యాక చివరిది, అమ్మేవాడిని కాటా చీటీ ఉందా అని అడుగు. లేదంటే, గ్యారేజీలో ఏ బండి పెట్టేవాడో అడిగి, దాని బరువు నువ్వే చూసుకుని, పైన లెక్కలో వేసి చూడు.

కొత్తచేయి
అడిగాను. నాలుగు సీట్ల సైడ్-బై-సైడ్, రెండు డర్ట్ బైకులు పెట్టేవాడట. రెండు 5,200 యాక్సిళ్ల ట్రెయిలర్.

గ్రీజుచేతులు
అయితే ముందు షాకిళ్ల ఫోటోలు పంపించమను. దాని తర్వాతే నువ్వు బయల్దేరు.