అప్‌డేట్: స్టార్ట్ అవగానే ఆగిపోయే కారు సంగతి తేలింది

పోయిన నెల అడిగాను కదా, మా పాత పెట్రోల్ కారు పొద్దున్నే స్టార్టయి రెండు సెకన్లలో టప్పున ఆగిపోతోందని, అదీ రోజూ కాదని. మొత్తానికి కారణం దొరికింది.

మొదటి మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండానే ఫ్యూయల్ పంప్ మార్చాలన్నాడు. మీలో ఒకరు చెప్పినట్టు తాళం ఆన్‌లో పెట్టి విన్నాను. వెనక సీటు కింద పంప్ 'జుయ్'మంటూనే ఉంది. శబ్దం ఉన్నంత మాత్రాన ప్రెషర్ ఉన్నట్టు కాదు, నిజమే. ఆగిపోయినప్పుడు డ్యాష్‌బోర్డులో ఇమ్మొబిలైజర్ (దొంగ తాళంతో ఇంజిన్ నడవకుండా ఆపేది) లైటూ వెలగలేదు, అంటే అదీ కాదు. అసలు ఆనవాలు వేరే: స్టార్ట్ చేస్తూ యాక్సిలరేటర్ కాస్త తొక్కిపడితే ఒక్కసారి కూడా ఆగలేదు! అంటే పెట్రోల్ అందుతోంది, ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడిచేటప్పుడు, గాలే చాలట్లేదు.

ఇంకో మెకానిక్ గాలి గొట్టం విప్పితే థ్రాటిల్ బాడీలో (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) తెరుచుకుని మూసుకునే రేకు అంచు చుట్టూ కాటుక పట్టినట్టు మసి. క్లీనర్ గుడ్డకు కొట్టి, రేకును బలవంతంగా తిప్పకుండా తుడిచాడు. ఐడ్లింగ్‌లో గాలిని సరిచేసే ఐడిల్ వాల్వ్‌దీ అదే కథ.

తుడిచాక ఐడ్లింగ్ వేగం నిమిషానికి 1,500 చుట్లకు (ఆర్‌పీఎం) ఎక్కి కూర్చుంది. మళ్లీ టెన్షన్! ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, ఎంత గాలి వదలాలో కొత్తగా నేర్చుకోవాలట. రెండు రోజులు నడిపాక 800 దగ్గర కుదురుకుంది.

పన్నెండు రోజులైంది, ఒక్కసారీ ఆగలేదు. పంప్ పాతదే.