గీజర్ ఆన్ చేసిన పది నిమిషాలకు ఇల్లంతా కరెంటు పోతాంది, కొత్తది కొనాల్నా? (అనంతపురం, బోరు నీళ్ళు)

రుద్రంపేట_బోరు:

అన్నలూ అక్కలూ, ఒక సలహా కావాల. మాది అనంతపురం, రుద్రంపేట బైపాస్ పక్క. ఇంట్లో 15 లీటర్ల స్టోరేజ్ గీజర్ ఉండాది, 2000 వాట్లు, పెట్టించి నాలుగేళ్ళు దాటింది. పోయిన సంక్రాంతి దాకా బాగనే ఉండె, ఎండాకాలమంతా ఆఫ్‌లోనే పెట్టినాం (ఏప్రిల్ వస్తే మా ఊర్లో గీజర్ యాల, మిద్దె మీద ట్యాంకులో నీళ్ళే కాగిపోతాయి, చన్నీళ్ళు కావాలంటే రాత్రే బకెట్ పట్టి పెట్టుకోవాల). మొన్న రొంత చలి మొదలైందని ఆన్ చేస్తే పది నిమిషాలకు టప్‌మని ఇల్లంతా కరెంటు పోయింది. బోర్డులో పడిపోయేది చిన్న ఎంసీబీ కాదు, టెస్ట్ అని బటన్ ఉండే పెద్దది ఉంటాది చూడండి, అది. పైకెత్తితే నిలబడుతుంది, గీజర్ వేస్తే మళ్ళా పది నిమిషాలకు పడిపోతాంది.

ఇంకోటి, నీళ్ళు కాగేటప్పుడు లోపల శనక్కాయలు వేయించినట్ల చిటపట సౌండు. కింద ఉండే వాల్వ్ నుంచి చుక్కలు చుక్కలు కారుతాయి. వేడినీళ్ళ ట్యాప్ తిప్పితే మొదట ఒక మగ్గు పసుప్పచ్చగా వస్తాయి, ఆ తర్వాత మామూలే.

ఒకాయన వచ్చి చూసినాడు, చూసినాడంటే కవర్ కూడా విప్పలేదు, సౌండు విని "ట్యాంకు పోయింది సార్, కొత్తది తీసుకోండి, ఇది నేను వెయ్యికి తీసుకుంటా" అన్నాడు. ట్యాంకు పోతే నీళ్ళు కారిపోవాల గదా? వారంటీ కార్డులో ట్యాంకుకు ఐదేళ్ళు అని ఉండాది, మిగతావాటికి అయిపోయింది. బోరు నీళ్ళకు టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) మీటర్ పెడితే 1100 చూపించింది. ఇంట్లో మా అమ్మ, ఇద్దరు పిల్లలు ఉండారు, షాక్ భయం. ఏం చేయమంటారు?

కర్నూల్_బ్యాచిలర్:

బ్రో మా రూంలో కూడా సేమ్ ప్రాబ్లం, మా ఫ్రెండు ఒకడు ప్లగ్గులో ఎర్త్ వైరు పీకేసినాడు అంతే, రెండేళ్ళ నుంచి ఒక్కసారి కూడా ట్రిప్ కాలేదు. ఫ్రీ సొల్యూషన్, ట్రై చెయ్.

కడప_వైరింగు_తాత:

పైనోడు చెప్పింది మాత్రం చెయ్యొద్దు నాయనా. నేను కడపలో ముప్పై ఏళ్ళు వైరింగు పని చేసినా, ఇప్పుడు మోకాళ్ళు బాగలేక మానేసినా. ఎర్త్ పీకితే ట్రిప్ కాదు, నిజమే, కానీ లీకయ్యే కరెంటు యాడికీ పోలేదు, గీజర్ బాడీ మీదనే కూచోనుంటాది, ఎవరైనా తడి చేత్తో ట్యాప్ ముట్టుకునేదాకా. ఒరేయ్ బ్యాచిలరూ, ఇయ్యాలే ఆ వైరు మళ్ళా పెట్టిచ్చు, అంతవరకు బకెట్‌లో చన్నీళ్ళు పోసుకో, కర్నూల్లో చలికి ఎవురూ చావరు.

ఇంక రుద్రంపేట అబ్బీ. నీ బోర్డులో పడేదాన్ని ఆర్‌సీసీబీ అంటారు. లోడ్ ఎక్కువైతేనో, షార్ట్ అయితేనో పడేది ఎంసీబీ. ఇది అట్ల కాదు, ఫేజ్‌లో పోయిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగి రావాల, ఎక్కడో తేడా వచ్చి ఎర్త్‌కు పోతాంటే ఇది పడుతుంది. ఇండ్లల్లో పెట్టేది 30 మిల్లీ ఆంప్స్‌ది. అంటే అది నీ పిల్లోల్ల ప్రాణం కాపాడతాంది, దాన్ని తిట్టుకోవద్దు. నెలకోసారి ఆ టెస్ట్ బటన్ నొక్కి చూడు, నొక్కితే పడాల, పడకపోతే అది మార్చాల.

పది నిమిషాల తర్వాత పడటానికి నాకు తోచేది ఎలిమెంటు. ఎలిమెంటు అంటే లోపల సన్న చుట్ట తీగ, దాని చుట్టూ తెల్లటి పొడి (మెగ్నీషియం ఆక్సైడ్), పైన రాగి గొట్టం. నీ నీళ్ళకు గొట్టం మీద సున్నం పట్టింటాది, ఎలిమెంటు వేడి బయటి నీళ్ళలోకి పోలేక గొట్టమే కాలిపోయి వెంట్రుకంత పగులు వస్తాది. చల్లగా ఉన్నప్పుడు ఆ పగులు మూసుకోనుంటాది, కాగేకొద్దీ తెరుచుకుంటాది, నీళ్ళు పొడిలోకి పోతాయి, లీకేజీ మొదలు. ఆన్ చేసిన మరుక్షణమే పడింటే ఎలిమెంటు పూర్తిగా పోయిందనో, వైరు బాడీకి తగులుతాందనో అనేటోణ్ణి. శానా నెల్లు వాడకుండా పెట్టింటే ఆ పొడి చెమ్మ పట్టి కూడా ఒకటి రెండుసార్లు పడుతుంది, కానీ నీది ప్రతిసారీ అంటాండావు కాబట్టి పగులే అనుకో.

చూసేది ఎట్లంటే, మెయిన్ ఆపి, ప్లగ్ పీకి, కింద కవర్ విప్పి ఎలిమెంటు రెండు వైర్లు తీసి, ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా టేపు చుట్టి పెట్టమను. మళ్ళా కరెంటిచ్చి అరగంట చూడండి. పడకపోతే దొంగ దొరికినట్టే. మల్టీమీటర్ ఉంటే ఇంకా సులభం, 2000 వాట్ల ఎలిమెంటు రెండు కొసల మధ్య 26 ఓమ్స్ దగ్గర చూపించాల (230ని 230తో గుణించి 2000తో భాగిస్తే వచ్చేది అదే). కొసకూ గొట్టానికీ మధ్య ఏమీ చూపించకూడదు. మల్టీమీటర్ కొన్నిసార్లు మోసం చేస్తాది, చల్లగా ఉన్నప్పుడు బాగనే చూపిస్తాది, మెగ్గర్ (కరెంటు లీకేజీని పట్టే మీటరు) ఉన్నోన్ని పిలిస్తే అనుమానం ఉండదు. ఇది నువ్వు చేసే పని కాదు, పని తెలిసినోనితో చేయించు, నువ్వు పక్కన నిలబడి చూడు. కవర్ విప్పకుండా ట్యాంకు పోయిందని చెప్పేటోణ్ణి మళ్ళా పిలవద్దు.

ప్లగ్ కూడా చూడు. 2000 వాట్లంటే దాదాపు 9 ఆంప్స్, 16 ఆంప్స్ సాకెట్ ఉండాల, వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది అన్నా ఉండాల. సాకెట్ నల్లగా మాడింటే అది కూడా మార్చు. మన సీమ నేల ఎండిపోతే ఎర్త్ సరిగ్గా పని చెయ్యదు, ఎండాకాలం వారానికోసారి ఎర్త్ గుంతలో బిందెడు నీళ్ళు పొయ్యాల, ఈ సంగతి ఇల్లు కట్టినోళ్ళు ఎవరూ చెప్పరు.

కల్లూరు_సుజాత:

తాతగారు కరెంటు సంగతి చెప్పేశారు కాబట్టి నేను నీళ్ళ సంగతి చెప్తా. మాది కర్నూలు, కల్లూరు ఎస్టేట్ వైపు. మున్సిపల్ నీళ్ళు రోజు మార్చి రోజు, మిగతాదంతా బోరే, మీలాగానే. మూడేళ్ళలో రెండు ఎలిమెంట్లు మార్చినాక నాకు బుద్ధొచ్చింది.

ముందు ఒక మాట, టీడీఎస్ 1100 అంటే మొత్తం సున్నమే అని కాదు, అందులో ఉప్పు కూడా ఉంటుంది. మీకు కావాల్సింది హార్డ్‌నెస్ లెక్క, అంటే సున్నం కట్టే లవణాలు ఎంతున్నాయో. తాగే నీళ్ళకు బీఐఎస్ (మన దేశంలో ప్రమాణాలు పెట్టే సంస్థ) పెట్టింది లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 600 దాకా. మా బోరు ఆ 600 కూడా దాటింది. టెస్ట్ చేయించకపోయినా సబ్బు నురగ రాకపోవడం, ట్యాప్ మూతి చుట్టూ తెల్లటి పొక్కులు కట్టడం చూస్తే తెలిసిపోతుంది కదా.

మీరు చెప్పిన ఆ చిటపట సౌండు సున్నమే. నీళ్ళు కాగినప్పుడు అందులో కరిగి ఉన్న బైకార్బనేట్ విరిగి సున్నంగా తేలి ఎలిమెంటు మీద పేరుకుంటుంది, ఆ పొర కింద చిక్కుకున్న నీళ్ళు ఆవిరై పగిలే చప్పుడు అది. వేడి పెరిగేకొద్దీ సున్నం ఎక్కువ దిగుతుంది, అందుకే నాబ్ ఫుల్లుకి పెట్టొద్దు. మేము 75లో పెట్టి సగం చన్నీళ్ళు కలుపుకునేవాళ్ళం, ఎంత తెలివితక్కువ పనో చూడండి. ఇప్పుడు 50, 55 మధ్య పెడతాం. పది పదిహేను రోజులు ఊరెళ్ళి వస్తే మాత్రం ఒకసారి 60 దాటేదాకా కాచి ఆ నీళ్ళు వదిలేస్తాం, నిలవ నీళ్ళలో క్రిములు పెరగకుండా.

వాల్వ్ నుంచి చుక్కలకు కంగారు పడకండి. 15 లీటర్లు 25 నుంచి 60 డిగ్రీలకు కాగితే రమారమి ఒక గ్లాసు నీళ్ళు పెరుగుతాయి, 200 మిల్లీలీటర్లు అనుకోండి. లోపలికొచ్చే పైపులో నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్ళను ఒక వైపుకే పోనిచ్చేది) ఉంటే అవి వెనక్కి పోలేవు కాబట్టి వాల్వ్‌లోంచే రావాలి. కాగేటప్పుడు మాత్రమే కారితే అది దాని పని. గీజర్ ఆఫ్‌లో ఉన్నా రాత్రంతా కారితే వాల్వ్ సీటులో సున్నం గింజ ఇరుక్కుందని, అప్పుడు మార్చండి. మా పక్కింటాయన చుక్కలు పడుతున్నాయని ఆ రంధ్రానికి ఎంసీల్ (లీకులు మూసే ముద్ద) పెట్టేశాడు, నేను చూసి గోల చేసి తీయించా. థర్మోస్టాట్ (నీళ్ళు చాలినంత కాగాక కరెంటు ఆపేది) అతుక్కుపోయి నీళ్ళు మరిగిపోతే ఆవిరి పోవడానికి ఉన్న చివరి దారి అదే.

పసుపు నీళ్ళ సంగతి చూడండి. చన్నీళ్ళ ట్యాప్‌లో కూడా వస్తే పాత ఇనప పైపులు. వేడి ట్యాప్‌లో మాత్రమే వస్తే ట్యాంకు లోపల. ట్యాంకుకి తుప్పు పట్టకుండా లోపల ఒక మెగ్నీషియం రాడ్ వేలాడుతుంటుంది, యానోడ్ అంటారు, ట్యాంకు ఇనుముకి బదులు అది తనే కరిగిపోతుంది. కరిగిపోయాక తుప్పు ట్యాంకు మీద పడుతుంది. మన నీళ్ళలో ఏడాదికోసారి తీసి చూడాలి, నాలుగేళ్ళంటే మీది ఈపాటికి ఉత్త కమ్మీ మిగిలి ఉంటుంది. ఎలిమెంటు విప్పినప్పుడు అదే ప్లేటుకి ఉంటుంది చాలా మోడళ్ళలో, కాబట్టి ఒకే ఖర్చుతో రెండూ అయిపోతాయి. ట్యాంకుకి ఇంకా వారంటీ ఉందంటున్నారు కాబట్టి కంపెనీ మనిషితోనే విప్పించండి, బయటివాళ్ళు విప్పితే తర్వాత పేచీ పెడతారు.

సున్నం తీయడానికి నిమ్మ ఉప్పు గానీ వెనిగర్ గానీ. ఎలిమెంటు బాగుంటే వెనిగర్‌లో రాత్రంతా నానబెడితే పెచ్చులు ఊడిపోతాయి. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం వద్దు, సున్నంతో పాటు లోహాన్నీ తినేస్తుంది.

అనంత_ఇన్‌స్టంట్:

ఇంత గొడవ ఎందుకండీ, 3 లీటర్ల ఇన్‌స్టంట్ పెట్టుకుంటే అయిపోదా? లేకపోతే గ్యాస్ గీజర్, కరెంటే ఉండదు.

కడప_వైరింగు_తాత:

ఇన్‌స్టంట్‌లో కూడా ఎలిమెంటే గదప్పా, సున్నం దాన్ని మాత్రం వదిలిపెడుతుందా? పైగా 3000 వాట్లు, 13 ఆంప్స్ లాగుతాది, వైరు 4 చదరపు మిల్లీమీటర్లది వెయ్యాల. వంటింట్లో గిన్నెలకైతే పెట్టుకో. గ్యాస్ గీజర్ తలుపు మూసిన బాత్రూంలో పెడితే కార్బన్ మోనాక్సైడ్ వస్తాది, వాసన ఉండదు, రంగు ఉండదు, స్నానానికి పోయినోళ్ళు బయటికి రారు. పెట్టుకుంటే బాత్రూం బయట, గాలి ఆడే తావున పెట్టుకోవాల.

కల్లూరు_సుజాత:

సోలార్ అని ఎవరైనా అనేలోపే చెప్తున్నా, మా చెల్లెలు వాళ్ళింట్లో గాజు గొట్టాల సోలార్ పెట్టించారు, ఎండకేం కొదవ లేదు మన దగ్గర, కానీ బోరు నీళ్ళకు గొట్టాల అడుగున సున్నం పేరుకుపోతోంది. ఇట్లాంటి నీళ్ళకు హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్న రకం (బోరు నీళ్ళు గాజు గొట్టాల్లోకి పోకుండా విడిగా కాగేది) అడగాలట, ఖరీదు ఎక్కువ. మాగ్నెట్ పెట్టి సున్నం పోగొడతామని అమ్ముతుంటారు కదా, నాకైతే నమ్మకం లేదు. ఉప్పు వేసి కడిగే సాఫ్ట్‌నర్ ఒక్కటే నేను కళ్ళారా చూసినవాటిలో పని చేసింది.

రుద్రంపేట_బోరు:

అప్‌డేట్ ఇస్తానని చెప్పి లేట్ అయింది, సారీ. కంపెనీకి ఫోన్ చేస్తే మూడో రోజు మనిషి వచ్చినాడు. తాత చెప్పినట్ల ఎలిమెంటు వైర్లు తీసి పెడితే అరగంట అయినా పడలేదు. విప్పితే ఏముంది, ఎలిమెంటు కనపడల్యా, దాని చుట్టూ మూడు వేళ్ళ మందం తెల్లగా గడ్డ కట్టింది, ట్యాంకు అడుగున పెచ్చులు తీస్తే అర బకెట్ దాకా వచ్చినాయి. కొట్టి రాలగొడితే వంపు దగ్గర పగులు కనపడింది. అక్క చెప్పిన యానోడ్ ఉత్త తీగే, పెన్సిల్ లోపల ములుకు మాదిరి. లోపల టార్చి వేసి చూపించినాడు, ట్యాంకు బాగనే ఉండాది, అంచు దగ్గర రొంత ఎర్రగా మొదలైంది అంతే.

ఎలిమెంటు, యానోడ్, కింద గ్యాస్కెట్, ఆయన చార్జీ అన్నీ కలిపి పద్దెనిమిదొందలు అయింది. పెట్టినాక వేడినీళ్ళ ట్యాప్ తిప్పి పెట్టి గాలంతా పోయి ధార సమంగా వచ్చినాకనే స్విచ్ వేయాల, ఖాళీ ట్యాంకుకు కరెంటిస్తే కొత్త ఎలిమెంటు రెండు నిమిషాల్లో మాడిపోతుంది అని గట్టిగా చెప్పినాడు. సాకెట్ కూడా ఒక పక్క మాడింది, మార్పించినా. ఇప్పటికి పన్నెండు రోజులు, ఒక్కసారీ పడల్యా, సౌండు లేదు, ముందు అరగంటకు పైన పట్టేది ఇప్పుడు ఇరవై నిమిషాల్లోపే కాగిపోతాయి. ఎర్త్ గుంత యాడుందో మా నాన్నకే తెలీదు, వెతికితే తులసి కోట వెనక బండ కింద దొరికింది, ఎముకలాగ ఎండిపోయి ఉండె. నీళ్ళు పోసినా.

వాల్వ్ ఇంకా కారుతాంది, కాగేటప్పుడే. గ్లాసు పెట్టి చూసినా, ముక్కాలు గ్లాసు.

కర్నూల్_బ్యాచిలర్:

అన్నా ఎర్త్ వైరు మళ్ళా పెట్టించినాం, ఓనర్‌తో గొడవ పడి కొత్త ఆర్‌సీసీబీ కూడా వేయించినా. వేసిన వెంటనే పడిపోయింది. అంటే రెండేళ్ళ నుంచి మేము ఆ నీళ్ళతోనే స్నానం చేస్తాండామా?

కడప_వైరింగు_తాత:

అవును నాయనా. ఎలిమెంటు మార్పించు.