పులి గాండ్రింపుకు ఎర నిజంగా స్తంభించిపోతుందా?

మైలాపూరు వాసి:
గత ఆదివారం వండలూరు జంతుప్రదర్శనశాలలో కందకానికి అవతల ఉన్న పులి ఒక్కసారి గాండ్రించగానే, చెవికన్నా ముందు నా రొమ్ములో అదురు పుట్టినట్లయింది. పక్కనున్న పిల్లవాడు కొయ్యబారిపోయాడు. మనిషి చెవికి అందని మంద్రధ్వనితో పులి ఎరను కదలకుండా చేసి చంపుతుందని మా బావగారు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఆ రోజు నేనూ నమ్మాను. కాదనేవారు కారణం చెప్పాలి.

పెరంబూరు ఉపాధ్యాయిని:
మీ అనుభవాన్ని నేను కాదనను, దాని నుంచి మీరు చేసిన నిర్ధారణను మాత్రమే కాదంటాను. మన చెవి సుమారు 20 హెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 20 కంపనాలకు, దిగువనున్న ధ్వనిని వినలేదు. పులి గాండ్రింపులో 18 హెర్ట్జ్, అంతకన్నా తక్కువ పౌనఃపున్యాలు కూడా ఉన్నాయని అమెరికా పరిశోధకురాలు ఎలిజబెత్ వాన్ ముగెంథాలర్ 2000లో ప్రకటించారు. 18 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 19 మీటర్లు. అంత పొడవైన తరంగాన్ని చెట్లూ పొదలూ పెద్దగా అడ్డుకోలేవు కనుక అది దూరం పోవడానికి పనికివస్తుంది. దూరానికి పనికివచ్చే ధ్వని ఎరను స్తంభింపజేస్తుందనడానికి ఆధారం ఏది?

అడవిలో జరిగేది చూడండి. పులి మాటువేసి, అడుగు చప్పుడు కూడా వినిపించకుండా దగ్గరికి చేరి, చివరి కొద్ది మీటర్లే దూకుతుంది. వేటకు ముందు గాండ్రించడం దాని పద్ధతి కాదు. పులిని పసిగట్టిన కణుజు అనే పెద్ద జింక ముంగాలితో నేలను తన్ని, తోక నిక్కబొడిచి, గట్టిగా అరుస్తుంది. చెట్టు మీది కొండముచ్చు కూడా అరుస్తుంది. ఆ అరుపులతో గుట్టు బయటపడ్డాక పులి చాలాసార్లు వేట మానుకొని వెళ్లిపోతుంది. ఎరను కొయ్యబార్చే శక్తే గొంతులో ఉంటే, అప్పుడు కదా గాండ్రించవలసింది!

గాండ్రింపు ప్రధానంగా తోటి పులుల కోసం. ఎదకు వచ్చిన ఆడపులి పిలుపు, తన హద్దును చాటుకునే మగపులి గొంతు సుమారు 3 కిలోమీటర్ల దాకా వినిపిస్తాయి. దగ్గరలో ఉన్నప్పటి పలకరింపు వేరు: నోరు మూసి, ముక్కుతో ‘ఫుర్ ఫుర్’మని గాలి వదులుతుంది. తనను పెంచే మనిషిని కూడా పులి అలాగే పలకరిస్తుంది. సింహానికి ఈ పలకరింపు లేదన్న సంగతి నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

మైలాపూరు వాసి:
వేట సంగతి ఒప్పుకుంటున్నాను. అయితే మీదికి ఉరికే పులి అరిస్తే మనుషులు కదల్లేకపోయారన్న మాటలు ఎన్నో విన్నాం. వాటినేమంటారు?

పెరంబూరు ఉపాధ్యాయిని:
అది వేట కాదండీ, బెదిరింపు. పిల్లల దగ్గరికో, తాను చంపిన జంతువు దగ్గరికో ఎవరైనా వస్తే పులి దగ్గినట్లు పొట్టిగా, పెద్దగా అరుస్తుంది. దగ్గరి నుంచి హఠాత్తుగా వినిపించే అంతటి శబ్దానికి ఎవరి ఒళ్లయినా బిగుసుకుంటుంది. అందుకు చెవికి అందని ధ్వని అక్కరలేదు, చెవికి అందేదే చాలు. పులి స్వరతంత్రులు చదునుగా, లోపల కొవ్వుతో ఉంటాయని, అందువల్ల తక్కువ గాలి ఒత్తిడికే గట్టిగా కంపిస్తాయని 2011లో వెలువడిన అధ్యయనం వివరించింది. మీ రొమ్ములోని అదురుకు నాకు తోచే కారణం ఆ గొంతు బలమే.