గంట వార్తల రిలేకి ముందు కార్యక్రమం తెగిపోతోంది: రివెండెల్ వాడేవాళ్ళు చెప్పండి

తెల్లవారు షిఫ్ట్:
నమస్కారమండీ. మాది వాలంటీర్లం నడుపుకునే చిన్న స్టేషన్. పాటలు, కార్యక్రమాలు దానంతటదే నడిపే రేడియో సాఫ్ట్‌వేర్ రివెండెల్‌కి మారి ఏడు నెలలైంది. గంటగంటకీ వేరే స్టేషన్ నుంచి ఐదు నిమిషాల వార్తలు లైవ్‌గా రిలే చేస్తాం. ప్రసారానికి ఏ లైన్ వెళ్ళాలో మార్చే స్విచర్‌లో మా స్టూడియో 1వ ఇన్‌పుట్, వార్తల లైన్ 3వది. వార్తలకి హార్డ్ స్టార్ట్ (కచ్చితమైన మొదలు టైము) ఇచ్చి ‘మేక్ నెక్స్ట్’ (నడుస్తున్నది అయ్యాకే మొదలు) పెడితే, నడుస్తున్న పాట పూర్తయ్యేలోపు అక్కడ ముఖ్యాంశాలు అయిపోతున్నాయి. ‘స్టార్ట్ ఇమ్మీడియట్లీ’ పెడితే ఉన్నది ఉన్నట్టు తెగిపోతోంది. మొన్న ఒక పెద్దావిడ ఇంటర్వ్యూలో, చిన్నప్పుడే పోయిన చెల్లెలి పేరు చెప్పబోతుండగా వార్తలొచ్చేశాయి. మర్నాడు ఆవిడే ఫోన్ చేసి, ‘దాని పేరు రేడియోలో రాలేదు నాయనా’ అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు.

ఇంకోటి. సోమవారం సరిగ్గా 8:00:00కి మారే స్విచ్ శనివారానికి ఎనిమిది, తొమ్మిది సెకన్లు వెనకబడుతోంది. కార్యక్రమాలు నడిపే ప్లేఅవుట్ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ ఇవ్వలేదు.

పాత క్యూషీట్:
ముందు గడియారం సంగతి. కంప్యూటర్‌లోని క్వార్ట్జ్ గడియారం పది లక్షలకి 20 వంతులు తప్పినా రోజుకి 1.7 సెకన్లు పోతాయి. మీ లెక్కకి అది సరిపోయింది. స్టేషన్ నెట్‌వర్క్‌లోనే జీపీఎస్ రిసీవర్‌తో ఒక ఎన్‌టీపీ సర్వర్ (మిగతా కంప్యూటర్లకి సరైన టైము చెప్పేది) పెట్టి, ప్లేఅవుట్ మెషీన్‌లో గడియారం సరిదిద్దే ప్రోగ్రామ్ క్రోనీని దానికి కలపండి. ఇంటర్నెట్ అక్కర్లేదు.

ఇక తెగిపోవడం. లైవ్ లైన్ మీకోసం ఆగదు కాబట్టి ‘స్టార్ట్ ఇమ్మీడియట్లీ’నే ఉంచండి. ‘మేక్ నెక్స్ట్’ మీ దగ్గర రికార్డయి ఉన్న బులెటిన్‌కి పనికొస్తుంది. మార్చాల్సింది వార్తలకి ముందున్న ఐటెమ్. అక్కడ మాటలున్నదేదీ ఉండకూడదు. మాటల్లేని వాద్య సంగీతం పెట్టండి, ఎక్కడ ఆగినా ఎవరి మాటా పోదు. ఇంటర్వ్యూ 7:56కల్లా అయ్యేలా ఎడిట్ చేసుకుని, 3 నిమిషాల 20 సెకన్ల వాద్యాన్ని 7:56:40కి మొదలుపెడితే అది దానంతటదే 8:00:00కి ముగుస్తుంది. మేం స్టాప్‌వాచ్ పట్టుకుని వెనక్కి లెక్కేసినది ఇదే. ఇంటర్వ్యూ కాస్త సాగినా కోత ఆ వాద్యం మీదే పడుతుంది. ఆ సెకన్లని కొందరు ఖాళీ అంటారు, నేను ఒప్పుకోను. విన్న మాట మనసులో దిగడానికి కూడా ఆ కాస్త వ్యవధి కావాలి.

వార్తలకి ఒక మాక్రో కార్ట్ (పాట బదులు కమాండ్లు నడిపే ఐటెమ్) చేయండి: ఎస్‌టీ 1 3 1! తర్వాత ఎస్‌పీ 300000! ఆపైన ఎస్‌టీ 1 1 1! మొదటిది మ్యాట్రిక్స్ 1లో, అంటే మీ స్విచర్‌లో, 3వ ఇన్‌పుట్‌ని 1వ అవుట్‌పుట్‌కి కలుపుతుంది. రెండోది 300000 మిల్లీసెకన్లు, అంటే ఐదు నిమిషాలు ఆగుతుంది. మూడోది స్టూడియోకి తిరిగొస్తుంది.

రెండో మైకు:
క్యూషీట్ గారూ, ఆ మూడో కమాండ్‌ని మాక్రోలో పెట్టొద్దంటాను. ఆ ఐదు నిమిషాల్లో, రివెండెల్‌లో ప్రసారం నడిపే ఆర్‌డీఎయిర్‌ప్లే ఆగిపోతే స్విచర్ 3వ ఇన్‌పుట్ మీదే ఉండిపోతుంది. మా దగ్గర అలాగే జరిగి, వార్తలయ్యాక అవతలివాళ్ళ పాటలు మా ఫ్రీక్వెన్సీలో నలభై నిమిషాలు పోయాయి. వెనక్కి రావడాన్ని, టైము ప్రకారం పనులు చేసే ఆర్‌డీక్యాచ్‌లో 8:05:00కి స్విచ్ ఈవెంట్‌గా పెట్టండి. దాన్ని నడిపే డీమన్ (తెర వెనక నడిచే ప్రోగ్రామ్) వేరు, ఎయిర్‌ప్లే పడిపోయినా తన పని తను చేస్తుంది.

పాత క్యూషీట్:
నిజమేనండీ, అదే సరైన పద్ధతి. ఎస్‌పీని మాత్రం ఉంచండి, లేకపోతే లాగ్‌లో (ఆ రోజు కార్యక్రమాల వరుసలో) తర్వాతి పాట వార్తల వెనకాలే మొదలైపోతుంది.

తెల్లవారు షిఫ్ట్:
నిన్న సాయంత్రం నుంచి ఇలాగే నడుపుతున్నాం. ఆరు బులెటిన్లు సెకనుకి సెకను కలిశాయి. వారం పట్టిక అయిన గ్రిడ్‌లో 168 గంటలకీ క్లాక్‌లు (ఒక్కో గంటలో ఏది ఎప్పుడో చెప్పే నమూనాలు) మార్చాలి, ఆదివారం 24 మిగిలాయి. పెద్దావిడ ఇంటర్వ్యూ గురువారం 7:30కి మళ్ళీ వేస్తున్నాం, అది అయ్యాక నాలుగు నిమిషాల వీణ పెట్టాను. ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను.