నార్త్ కరోలినాలో బ్లూబర్డ్ పెట్టెను పిచ్చుకలు ఆక్రమించాయి, అమ్మాయికి ఏం చెప్పమంటారు?

ఎంవీపీ కాలనీ తాతగారు:

అందరికీ నమస్కారం. ఏటా మా వరండాలో వరి కంకుల కుచ్చు కడతాను. పిచ్చుకలు వచ్చి గింజలు ఒలుచుకు తిని, ఊకంతా నా పేపరు మీద రాలుస్తాయి. మా ఆవిడ సణుగుతూనే ఊడుస్తుంది. అలాంటి మా ఇంటికి ఇప్పుడు పిచ్చుకల మీదే ఫిర్యాదు వచ్చింది.

మా అమ్మాయి నార్త్ కరోలినాలో ఉంటుంది. పెరట్లో డెక్ పక్కన బ్లూబర్డ్ కోసం చెక్క పెట్టె పెట్టుకుంది. వీపంతా నీలం, రొమ్ము ఇటుక రంగు, చూడముచ్చటైన పిట్ట. జంట వచ్చి పెట్టె చూసుకుని వెళ్లిందట. ఈలోగా పిచ్చుకలు దూరాయి. మొన్న వీడియో కాల్‌లో చూపించింది. మెడ కింద నల్ల మచ్చ ఉన్న మగ పిచ్చుక పెట్టె కప్పు మీద కూర్చుని ఒకటే అరుపు. బ్లూబర్డ్ దగ్గరికి వస్తే చాలు, వెంటపడి తరుముతోంది. అచ్చం మా వరండా పిచ్చుకే! లోపల ఎండుగడ్డి, ఈకలు, చిరిగిన చాక్లెట్ కాగితం.

గూడు తీసి పారేయమని పక్కింటావిడ చెప్పిందట. "తీసేయనా నాన్నా?" అని అడుగుతోంది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా అని నాకు నోరు రాలేదు. పెట్టె రంధ్రం చిన్నది చేస్తే సరిపోదా? అక్కడ ఉండి వచ్చినవారు చెప్పండి.

మళ్లీ విశాఖకే:

తాతగారూ, రంధ్రం చిన్నది చేస్తే ముందు బయట ఉండిపోయేది బ్లూబర్డే. దానికి ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. పిచ్చుక అంతకంటే చిన్న పిట్ట, ఒకటింపావు అంగుళంలోనూ దూరుతుంది. ఒకటిన్నర అంగుళం కొలత ఆపేది స్టార్లింగ్ అనే కాస్త పెద్ద పిట్టను. పిచ్చుకకు ఆ కొలత అడ్డే కాదు.

ఇక పాపం సంగతి. వర్జీనియాలో ఉన్నప్పుడు, మా వీధి చివర ఇలాంటి పెట్టెలు చూసుకునే ఒక పెద్దాయన వెంట వెళ్లేవాణ్ణి. ఒక పెట్టె తలుపు తెరిస్తే లోపల పిచ్చుక గూడు. దాన్ని ఎత్తితే అడుగున ఆడ బ్లూబర్డ్ చచ్చిపడి ఉంది. నడినెత్తి మీద ఈకలు లేవు, అంతా పొడిచిన గాయాలు. లోపల ఉన్న పిట్టకు బయటపడే దారి ఆ ఒక్క రంధ్రమే, పిచ్చుక వచ్చేదీ అందులోంచే. దాని శవం మీదే గూడు కట్టేసింది. అది చూశాక నాకు సందేహం మిగల్లేదు.

పిచ్చుక ఆ దేశపు పక్షి కాదు. 1850ల మొదట్లో ఇంగ్లండు నుంచి తెచ్చి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో వదిలారు, చెట్లను తినే పురుగులను ఏరుకు తింటుందని. అక్కడ 1918 నాటి వలస పక్షుల చట్టం స్థానిక పక్షుల గూళ్లను ముట్టుకోనివ్వదు. పిచ్చుకకు ఆ రక్షణ లేదు.

అయితే అది పిచ్చుక గూడేనని నిర్ధారించుకోకుండా చెయ్యి పెట్టవద్దని చెప్పండి. చికడీ అనే బుల్లిపిట్ట కూడా ఇవే పెట్టెల్లో చేరుతుంది, దాని గుడ్లూ తెల్లగా గోధుమరంగు చుక్కలతో ఉంటాయి. కానీ దాని గూడు అడుగున పచ్చటి నాచు పరిచి ఉంటుంది. నాచు కనబడితే తలుపు మూసేయాలి. చెత్తా ఈకలూ కుక్కి ఉంటే పిచ్చుకదే.

ఇంకొక చిక్కుంది. మగ పిచ్చుకకు ఆడదాని మీద కంటే ఆ పెట్టె మీదే మమకారం ఎక్కువ. గూడు తీసేస్తే మళ్లీ కడుతుంది, లేదా ఆ కోపం పక్క పెట్టెలోని పిట్టల మీద చూపిస్తుంది. అందుకే దగ్గర్లో వేరే పిట్టలు పొదుగుతుంటే కొందరు గూడు కదపరు. గుడ్లకు మొక్కజొన్న నూనె రాసి అక్కడే ఉంచుతారు. పెంకులోని సన్న రంధ్రాలు మూసుకుపోయి అవి పిల్లలు కావు, పిచ్చుక మాత్రం వాటి మీదే కూర్చుంటుంది. గుడ్లు ఇంకా పెట్టకపోతే గూడు తీసి, పెట్టెను ఇంటికి దూరంగా పచ్చిక మధ్యకు మార్చడం మేలు. పిచ్చుక మనుషుల చూరు వదలదు. గింజల డబ్బాలో వరిగలు, మొక్కజొన్న నూక ఉంటే అవి ముందు ఆపాలి. బ్లూబర్డ్ వాటి జోలికి రాదు, పురుగులూ పండ్లే దాని తిండి.

పెందుర్తి పిన్ని:

ఏమి విడ్డూరమండీ! మార్చి 20 వస్తే ఇక్కడ పిచ్చుకల దినోత్సవమని అట్ట గూళ్లు కట్టిస్తాం. అక్కడేమో గుడ్లకు నూనె రాస్తారా? మీ పెట్టె సంగతి అర్థమైంది గానీ నా చేతులతో మాత్రం చేయలేను.

మళ్లీ విశాఖకే:

పిన్నిగారూ, మీ పెరటి గోరువంకనే 1860లలో ఆస్ట్రేలియాకు పట్టుకెళ్లారు. అక్కడ అదీ చెట్టు తొర్రల కోసం స్థానిక పక్షులతో ఇలాగే కొట్లాడుతోంది. ఇక్కడి గోరువంకకు మాత్రం ఎవరూ వంక పెట్టరు, మీరూ పెట్టకండి.

హార్బర్ గేలం:

ఫిషింగ్ హార్బర్ దగ్గర వలలూ గేలాలూ అమ్ముతాను కాబట్టి ఈ ముక్క చెబుతున్నాను. మేరీలాండ్‌లో ఉన్న మా తమ్ముడు రంధ్రానికి అటొకటి ఇటొకటి నైలాన్ గేలపు దారం నిలువుగా బిగించి కడతాడు. పిచ్చుక ఎందుకో దానికి జంకుతుంది, బ్లూబర్డ్ పట్టించుకోదు. అయితే పెట్టె తనదని తేల్చుకున్న మగ పిచ్చుక దీన్ని లెక్కచేయదట, ఖాళీ పెట్టెకే పనికొస్తుంది. సన్నదారం మాత్రం కట్టవద్దు. సన్నది వదులైతే చుట్టలు పడి కాలికో రెక్కకో చిక్కుకుంటుంది. కాస్త మందందే తీసుకుని, కొస వేలాడకుండా ముడి దగ్గరికి కత్తిరించాలి.

ఎంవీపీ కాలనీ తాతగారు:

అన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. గుడ్లు లేవు, నాచూ లేదు. గూడు తీసేసి, పెట్టెను పచ్చిక మధ్యలో గుంజకు బిగించారు. వరిగలు ఆపేశారు. దారం కూడా కట్టారు. ఇప్పుడు బ్లూబర్డ్ ఆడది పైన్ ఆకులు మోస్తోందట! పక్కింటావిడ మెరిసే కాగితం పీలికలు కూడా ఇచ్చింది, పిచ్చుకలు బెదిరేలా కప్పు పైన వేలాడదీయమని. ఇప్పుడే కట్టేయమందామా?

మళ్లీ విశాఖకే:

ఇప్పుడే వద్దు, బ్లూబర్డే బెదిరిపోతుంది. మొదటి గుడ్డు పెట్టాక కట్టాలి. అప్పటికి దానికి గూడు మీద మనసు పడి ఉంటుంది, కాగితాలు రెపరెపలాడినా వదలదు. కట్టాక ఆడది లోపలికి వెళ్లిందో లేదో దూరంగా నిలబడి చూడాలి, వెళ్లకపోతే విప్పేయాలి. పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి మరో 17 నుంచి 21 రోజులు పడుతుంది. అవి ఎగరగానే పీలికలు తీసేయాలి, లేకపోతే పిచ్చుకలు అలవాటు పడతాయి.

మరొక మాట. బ్లూబర్డ్ గుడ్లు మామూలుగా లేత నీలం. కొన్ని మాత్రం మచ్చలు లేని తెల్లగుడ్లు పెడతాయి. తెల్లగా కనిపించాయని అమ్మాయి పిచ్చుకవనుకుని తీసేయకుండా ఇవాళే ఫోను చేసి చెప్పండి.