గూఢచారి కామిక్స్ ప్రదర్శన: ఈ వరుస సరైనదేనా? భద్రపరిచే కవర్లు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారమండి. విజయవాడలో కాలేజీ పిల్లల కోసం గూఢచారి కామిక్స్ మీద చిన్న ప్రదర్శన పెడుతున్నాం. మొదట కెప్టెన్ అమెరికా తొలి సంచిక అట్ట (1941 మార్చి తేదీ). హిట్లర్ దవడ మీద గుద్దు! అమెరికా అప్పటికింకా యుద్ధంలోకి దిగనేలేదు. లోపల కథలో శాస్త్రవేత్తను చంపేది నాజీ గూఢచారి. తర్వాత 1954 నాటి కామిక్స్ కోడ్ (కామిక్స్‌లో ఏం ఉండొచ్చో ప్రచురణకర్తలే పెట్టుకున్న నియమావళి), 1965లో షీల్డ్ అనే కల్పిత గూఢచారి సంస్థ ఏజెంటుగా మారిన నిక్ ఫ్యూరీ. చివర 1971లో మత్తుమందుల కథ ఉన్నందుకు కోడ్ ముద్ర లేకుండానే వచ్చిన స్పైడర్‌మ్యాన్ 96–98. ఆ ఏడాదే కోడ్ సడలింది. వీటి మధ్యలో అమెరికాలో నల్లజాతివారు బస్సుల్లో వివక్షకు ఎదురుతిరిగిన మాంట్‌గోమరీ బస్సు ఉద్యమం మీద 1957లో వచ్చిన 16 పేజీల కామిక్ పెడితే అతుకుతుందా? గూఢచారి లేకపోయినా పెట్టాలనే నా మొగ్గు.

అమెరికా అట్టలన్నీ ప్రింట్లే. మన దేశంలో వచ్చిన పాత ఇంద్రజాల్ కామిక్స్ సంచికలు మాత్రం అసలువి. ఆ న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ (చెక్కలో ఉండే పదార్థం) ఎక్కువ, ఎండ తగిలితే పసుపెక్కి పెళుసైపోతుంది. పీవీసీ కవర్లకు సిరా అంటుకుంటుంది, మన తేమకు పిన్నులు తుప్పు పడతాయి. లామినేషన్ అసలు వద్దు. పాలియెస్టర్ కవర్లు, సంచిక వెనక పెట్టే ఆమ్లం లేని అట్టలు విజయవాడలో గానీ గుంటూరులో గానీ విడిగా ఎక్కడ అమ్ముతారు? పిన్నులు తీసి నూలుదారంతో కుట్టడం మంచిదా, అలాగే వదిలేయాలా?