జీపీ నన్ను పెయిన్ క్లినిక్‌కి రిఫర్ చేశారు, అక్కడ ఏం చేస్తారు?

ప్రశ్న (కొవెంట్రీ నుంచి)

అందరికీ నమస్తే. పోయినేడాది ఇంగ్లండ్ వచ్చి కేర్ హోమ్‌లో (పెద్దవాళ్లని చూసుకునే చోట) చేస్తున్నాను. నడుం నొప్పి గుంటూరులో ఉన్నప్పటి నుంచే ఉంది, ఇక్కడ పనిలో పడ్డాక ఎక్కువైంది. ఫిజియో అయింది, మందులు మార్చారు, తగ్గలేదు. ఇప్పుడు మా జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) పెయిన్ మేనేజ్‌మెంట్ క్లినిక్‌కి రాశారు. ఇంటికి ఓ కవర్ వచ్చింది, అందులో పేజీలకు పేజీలు ప్రశ్నలు. నిద్ర పడుతోందా, భయంగా ఉంటోందా, బతకాలని లేదనిపిస్తోందా అని కూడా అడిగారు. నొప్పి నడుంలో ఉంటే ఇవన్నీ ఎందుకు? నాకు నిజంగా నొప్పి లేదనుకుంటున్నారా? టెన్షన్‌గా ఉంది. వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు (లెస్టర్ నుంచి)

చెల్లీ, ఆ కాగితాలు అక్కడికి వెళ్లే ప్రతివాళ్లకీ వస్తాయి. నీ నొప్పిని ఎవరూ అనుమానించట్లేదు. నెలల తరబడి ఉండిపోయిన నొప్పి నడుంతోనే ఆగదు. నిద్ర చెడుతుంది, నిద్ర లేకపోతే మర్నాడు నొప్పి ఇంకా పెరుగుతుంది, దిగులు పట్టుకుంటుంది, దిగులుతో కదలబుద్ధి కాదు, కదలకపోతే ఒళ్లు ఇంకా బిగుసుకుంటుంది. ఇందులో నీకు ఏది ఎంత ఉందో చూడటానికే ఆ ప్రశ్నలు. చాలాచోట్ల చివర్లో అవే ప్రశ్నలు మళ్లీ ఇచ్చి తేడా చూస్తారు. ఉన్నది ఉన్నట్టు రాయి. బతకాలని లేదనిపించిన రోజులుంటే అదీ రాయి, దాని గురించి నెమ్మదిగా మాట్లాడతారు. నువ్వు ఒప్పుకోకుండా అవి నీ మేనేజర్ చేతికి వెళ్లవు.

మొదటిసారి వెళ్లినప్పుడు జీపీ దగ్గరిలా పది నిమిషాల్లో అయిపోదు. పెయిన్ డాక్టర్లలో ఎక్కువమంది మత్తు డాక్టర్లుగా శిక్షణ తీసుకున్నవాళ్లే. వాళ్లతోపాటు ఫిజియో, సైకాలజిస్టు, నర్సు ఉంటారు. సైకాలజిస్టు దగ్గరికి పంపితే పిచ్చి అన్నారని అనుకోకు, అదీ నొప్పి వైద్యంలో భాగమే.

సున్నా నుంచి పది వరకు నొప్పికి మార్కులు వెయ్యమంటారు. మనవాళ్లు మొహమాటానికి 'పర్వాలేదండీ' అనేస్తారు, లేదంటే ఒకేసారి పది అంటారు. ఏ పని చెయ్యలేకపోతున్నావో చెప్పు, వాళ్లకి అదే ఎక్కువ ఉపయోగం. సాక్సు వేసుకోలేకపోతున్నా, బస్సులో కూర్చోలేకపోతున్నా, పాపని ఎత్తుకోలేకపోతున్నా, ఇలా. ఇంగ్లీషులో చెప్పడం కష్టమనిపిస్తే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే ఫోన్ చేసి అడుగు, దానికి డబ్బులు తీసుకోరు. మీ ఆయన్ని వెంట తీసుకెళ్లు కానీ ఆయనతో చెప్పించకు. ఆయన ముందు నోట రాని మాటలు కొన్ని ఉంటాయి.

ఇంక ఇంజెక్షన్ సంగతి. గుంటూరులోనో హైదరాబాదులోనో అయితే స్కాన్ తీసి, వెన్నులో ఇంజెక్షన్ చేసి పంపేవాళ్లని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు. ఇక్కడ నైస్ అనే సంస్థ గైడ్‌లైన్లు ఇస్తుంది. మామూలు నడుం నొప్పికి వెన్నులో ఇంజెక్షన్లు ఇవ్వొద్దని 2016లోనే చెప్పింది. కాలిలోకి విపరీతంగా లాగే కొత్త సయాటికాకైతే ఎపిడ్యూరల్ అనే వెన్ను ఇంజెక్షన్ గురించి ఆలోచిస్తారు. కొందరికి వెన్ను కీళ్ల దగ్గరి సన్న నరాన్ని వేడితో మొద్దుబార్చే పద్ధతి ఉంది, అదీ ముందు టెస్టు ఇంజెక్షన్ చేసి, పనిచేస్తేనే. ఎమ్మారై కూడా అడగ్గానే తియ్యరు. డబ్బు మిగుల్చుకోవడానికి ఇలా చేస్తున్నారని మనవాళ్లు అనుకుంటారు, నేను ఒప్పుకోను. నొప్పి లేనివాళ్ల స్కాన్లలోనూ అరిగిన డిస్కులు కనిపిస్తాయి. ఆ రిపోర్టు పట్టుకుని భయంతో మంచమెక్కినవాళ్లని చూశాను.

నాకు నిజంగా పనికొచ్చింది వాళ్ల గ్రూప్ ప్రోగ్రాం. పేసింగ్ అని, పనిని కొంచెం కొంచెంగా, మధ్యలో ఆగుతూ చెయ్యడం నేర్పుతారు. ఆదివారం నొప్పి తక్కువగా ఉందంటే పిండి మొత్తం అయ్యేదాకా పెనం ముందు నిలబడి అందరికీ దోసెలు పోసేదాన్ని. సోమ, మంగళవారాలు లేవలేకపోయేదాన్ని. ఫిజియో ఏమందంటే, నొప్పి వచ్చాక ఆగడం కాదు, రాకముందే ఆగు అంది. ఫోన్‌లో అలారం పెట్టుకుని, నాలుగు దోసెలు కాగానే స్టవ్ ఆపి కూర్చుని, మళ్లీ లేచి పోసేదాన్ని. మొదట్లో ఇంట్లోవాళ్లు విసుక్కున్నారు. కానీ సోమవారం ఆఫీసుకి వెళ్లగలిగాను. నొప్పి పూర్తిగా పోలేదు, పోతుందని క్లినిక్ వాళ్లూ చెప్పరు. పనులు మాత్రం తిరిగి నా చేతికొచ్చాయి.

అపాయింట్‌మెంట్‌కి నెలలు పట్టొచ్చు. వాళ్ల ఫోన్లు చాలాసార్లు నంబర్ కనిపించకుండా వస్తాయి, ఎత్తకుండా ఉండకు. చెప్పకుండా మానేస్తే కేసు మూసేసి తిరిగి జీపీకి పంపేస్తారు.

జవాబు (స్లౌ నుంచి)

అమ్మా, నేను ఫార్మసీలో పనిచేస్తాను. మందుల గురించి నాలుగు మాటలు.

ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి, ఆయుర్వేదం మందులతో సహా. అక్కడ ప్రీగాబలిన్, మిథైల్ కోబాలమిన్ కలిపిన మాత్రలు బాగా రాస్తారు. ఇక్కడ ప్రీగాబలిన్, గాబాపెంటిన్ 2019 ఏప్రిల్ నుంచి కంట్రోల్డ్ డ్రగ్స్, అంటే చట్టం అదుపులో ఉండే మందులు. ట్రమడాల్ అంతకుముందే ఆ లిస్టులో ఉంది. మీవి ఎవరికీ ఇవ్వొద్దు, వేరేవాళ్లవి తీసుకోవద్దు. వాడుతుంటే ఒక్కసారిగా ఆపొద్దు, మెల్లగా తగ్గించాలి. రాత్రికి చిన్న డోసులో అమిట్రిప్టిలిన్ రాస్తే, డిప్రెషన్ మందని నెట్‌లో చూసి పారెయ్యకండి. నరాల నొప్పికి ఆ డోసులోనే వాడతారు. మగతగా ఉంటే బండి నడపొద్దు, షిఫ్టుకి కారులో వెళ్తారేమో చూసుకోండి.

ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) క్లినిక్‌కి ఫీజు లేదు. హెల్త్ అండ్ కేర్ వీసా వాళ్లు, మిగతా వీసాల వాళ్లు వైద్యం కోసం కట్టే సర్‌ఛార్జి కట్టకపోయినా అంతే. ఇంగ్లండ్‌లో మందుల చీటీకి మాత్రం ఒక్కో మందుకి ఛార్జి ఉంటుంది. నెలనెలా ఎక్కువ మందులుంటే ముందే ఒక మొత్తం కట్టేసే ప్రీపేమెంట్ సర్టిఫికెట్ తీసుకోండి, కలిసొస్తుంది.

పని గురించి కూడా. ఒంట్లో బాగోలేదని యజమానికి చూపించడానికి జీపీ ఇచ్చే ఫిట్ నోట్‌లో, కొన్ని మార్పులతో పని చేయగలరు అనే గడి ఉంటుంది. ఒంటరిగా మనుషుల్ని ఎత్తొద్దు, హాయిస్ట్ (మనుషుల్ని ఎత్తే యంత్రం) వాడాలి అని అందులో రాయించుకోండి. ప్రమాదకరంగా బరువులు ఎత్తించకుండా వీలైనంతవరకు చూడాల్సిన బాధ్యత యజమానిదని 1992 నుంచి ఇక్కడ రూలుంది. వీసా పోతుందేమోనని నొప్పి దాచుకుని ఎత్తుతున్నవాళ్లు మా కౌంటర్ దగ్గరికి రోజూ వస్తారు. మీరు అలా చెయ్యొద్దమ్మా.

ప్రశ్న (కొవెంట్రీ నుంచి)

అక్కా, అన్నా, చాలా థాంక్స్. ఈరోజే ఫారం నింపుతాను. ఈలోపు నొప్పి బాగా ఎక్కువైతే ఏం చెయ్యాలి?

జవాబు (స్లౌ నుంచి)

మామూలుగా ఎక్కువైతే జీపీకో, ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు 111కో ఫోన్ చెయ్యండి. కానీ తొడల మధ్య, మలమూత్రాల చోట మొద్దుబారినా, మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా, రెండు కాళ్లలో బలం తగ్గుతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. రాత్రయినా సరే వెంటనే ఏ అండ్ ఈకి (ఆసుపత్రి ఎమర్జెన్సీకి) వెళ్లాలి, వెళ్లే వీలు లేకపోతే అంబులెన్సు కోసం 999కి చెయ్యాలి. వెన్నులో నరాల గుత్తి నొక్కుకుపోతే ఇలా అవుతుంది, గంటల్లో ఆపరేషన్ అవసరం పడొచ్చు. ఈ మాట మీ ఆయనకి కూడా చెప్పి ఉంచండి.